పన్నెండో గోరు

పదకొండూ పది. విద్యాశాఖ కార్యాలయం రెండో అంతస్తు, కిటికీ పక్కన మూడో బల్ల.

విచారణ రేపు పొద్దున పదింటికి. చేతిలో ఇంకా ఇరవై మూడు గంటలైనా లేవని కీడక్క మెట్లెక్కుతూనే లెక్క వేసుకుంది. ఆ మెట్లు ఎప్పుడు కూలతాయోనన్న భయంతో గోడవైపుగా ఎక్కింది కూడా.

ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. వాన మబ్బు పడితే వరద అంటుంది, పిల్ల తుమ్మితే న్యుమోనియా అంటుంది. చదువు పదో తరగతితో ఆగిపోయింది. వార్డు కార్యాలయంలో ఇంటిపన్ను రసీదులు రాస్తూ పదకొండేళ్ళు గడిపి, పై అధికారితో పడక మానేసింది. ఇప్పుడు కుట్టు దుకాణం పైగదిలో కూర్చుని ఎవరిల్లు ఎవరు దోచారో, ఎవరి సంతకం ఎవరు పెట్టారో కనిపెట్టి పెడుతోంది. అందరూ నవ్వే ఆ భయమే ఆమె పనిముట్టు. జరగరానిదేదో ముందే ఊహించి పెట్టుకున్న మనిషికి, అది జరిగినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మూడో బల్ల దగ్గరున్న లెక్కల గుమాస్తా ఆమె ఇచ్చిన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. పిల్లల లెక్క తగ్గి, రికార్డు కాలినందుకు బడి పెద్ద టీచరు మీద రేపు జరిగే విచారణలో, ఆవిడ తరపున ప్రశ్నలడిగే హక్కు ఈమెకు ఉందని దాని సారాంశం.

"అడగండమ్మా. దాచడానికి నా దగ్గరేం లేదు," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలుతూ.

"ఇరవై నాలుగు రోజుల కిందట మా బడిలో తలల లెక్క తీసింది మీరే కదా?"

"నేనే. రెండు వందల ఎనభై ఎనిమిది. మూడు వందలు ఉండాలి. లేవు. అంతే సంగతి."

అంతే సంగతి! కీడక్కకు ఒళ్ళు మండింది. వార్డు కౌంటరులో కూర్చున్న రోజుల్లో, ఇంటిపన్ను బిల్లులో 'బడి పన్ను' అన్న వరస చూసి ఇదేమిటని అడిగిన ప్రతివాళ్ళకీ ఆమె ఒకటే చెప్పేది. బడి ఒక బిందె అనుకోండి, దానికి రెండు కుళాయిలు. ఒకటి రాష్ట్రానిది, తలకింత చొప్పున పోస్తుంది. రెండోది మన వార్డుది, మన ఇళ్ళమీదా కొట్లమీదా వేసే పన్నులోంచి పోస్తుంది. లెక్కరోజున మూడు వందల తలలు కనబడకపోతే మొదటి కుళాయి కట్టేస్తారు. అది కట్టేస్తే బడి మూసి వార్డును పక్క వార్డులో కలిపేస్తారు కనక రెండోదీ ఆగిపోతుంది. పక్క వార్డులో బడి పన్ను ఇక్కడి రేటులో సగమే. వార్డు బడి పన్నులో దాదాపు సగం ఒక్కడే కట్టే గోదాముల ఆసామికి అప్పుడు ఎంత మిగులుతుందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఆ చిన్నపిల్లలకు మాత్రం మిగిలేది లారీలు తిరిగే రోడ్డు దాటి నాలుగు కిలోమీటర్ల నడక. తన కూతురు బుజ్జి ఆ బడిలోనే ఐదో తరగతి, బి సెక్షను.

"ఐదు-బి పిల్లలు ఎంతమంది?"

"సున్నా. ఆ సెక్షనంతా విహారయాత్రకు వెళ్ళిందని పెద్ద టీచరే రాసి సంతకం పెట్టింది. కాగితం ఫైల్లో ఉంది."

"ఆ సంతకం నాది కాదంటోంది ఆవిడ."

"ఉద్యోగం పోతుంటే ఎవరైనా అదే అంటారు."

"మా బుజ్జి ఆ రోజు బడిలోనే ఉంది. నేనే దింపాను."

గుమాస్తా నవ్వాడు. "మీరు తల్లి. ముప్పై ఒక్క మంది తల్లులూ అదే అంటారు. తల్లి మాట సాక్ష్యం కాదమ్మా, ముద్దు."

కీడక్క ఆ మాటను మింగి, పుస్తకం తెరిచింది. "మొదలుపెట్టింది ఎన్నింటికి?"

"తొమ్మిదీ నలభైకి. పిల్ల వస్తుంది, పేరు చెబుతుంది, పెద్ద టీచరు రాస్తుంది, నేను గోటిమీద సిరా గీత గీస్తాను. వోట్ల సిరాలాంటిదే, ఒక పిల్లని రెండుసార్లు లెక్కపెట్టకుండా. పిల్లకి పాతిక సెకన్లు. నా అంత వేగంగా ఈ శాఖలో ఎవరూ తియ్యలేరు." ఆ ముక్క అంటున్నప్పుడు కాలరు సర్దుకున్నాడు.

"ముగించింది?"

"పదకొండూ యాభై అయిదు. కాగితంలో ఉంది."

ఆమె పెన్సిలు కదిలింది. "పాతిక సెకన్ల చొప్పున గంటకు నూట నలభై నాలుగు మంది. రెండు వందల ఎనభై ఎనిమిదికి సరిగ్గా రెండు గంటలు. పదకొండూ నలభైకే అయిపోవాలి. పదిహేను నిమిషాలు ఎక్కడికి పోయాయి?"

గుమాస్తా కాలరు వదిలేశాడు. "టీ తాగాను."

"ఎవరిచ్చారు?"

"ఆయమ్మ. పంతుళ్ళ గదిలో."

"రికార్డు గదిలోకి వెళ్ళారా? ఆ రోజే ఒకటీ యాభైకి అందులో బీరువా కాలింది, బడి దగ్గరున్న లెక్క నకలంతా బూడిదయింది."

"ఆ గదిలో నేను అడుగే పెట్టలేదు. అసలు ఎటువైపుందో కూడా తెలీదు. కాల్చింది ఎవరో ఊరంతటికీ తెలుసు. బండారం బయటపడుతుందని మీ పెద్ద టీచరే."

అతని కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు గోళ్ళమీద నల్లటి పట్టీలున్నాయి. కుంచె పట్టుకున్న వేళ్ళు. వాటిమీద చూపు నిలిపి కీడక్క యథాలాపంగా అడిగేసింది.

"పిల్లలకి ఏ వేలికి గీశారు?"

"ఎడమ చిటికెన..." అంటూ ఆగిపోయాడు. తన గోళ్ళు చూసుకున్నాడు. ఆమెను చూశాడు. కుడిచెయ్యి మెల్లగా బల్ల కిందికి వెళ్ళింది.

పదకొండూ పాతిక. కీడక్క సగం మెట్లు దిగాక గానీ చేసిన తప్పు తెలిసిరాలేదు. తల పైకెత్తి చూస్తే కిటికీ దగ్గర గుమాస్తా ఫోను చెవికి ఆనించుకుని వీపు తిప్పి నిలబడి ఉన్నాడు.

*

బస్సు ఆలస్యమై బడికి చేరేసరికి పన్నెండూ ఇరవై. గేటు ముందు తెల్ల జీపు ఆగి ఉంది. పిల్లలెవరో పడిపోయారని ఆమె ప్రాణం సగం అక్కడే పోయింది.

"ఏం లేదమ్మా, హెల్త్ వాళ్ళు. ఏదో తనిఖీ," అన్నాడు గేటు మనిషి.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కీడక్క ఒక సంగతిలో కీడు ఊహించకుండా వదిలేసింది. హమ్మయ్య అనుకుని రికార్డు గదివైపు నడిచింది.

కింది అంతస్తులో, క్లాసులన్నిటికీ దూరంగా, పదడుగుల గది. ఇనప బీరువా, పైన మసి, లోపల మూడు అరల నిండా బూడిద. బడిలో ఇరవై ఏళ్ళుగా ఊడ్చి తుడిచే ఆయమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ముట్టుకోవద్దన్నారమ్మాయ్ ఆఫీసరు. గచ్చు కూడా ఊడవలా. చూడు నా గతి, మసి చూస్తే చెయ్యి దురద పెడుతుంది."

"బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది ఆయమ్మా?"

"పెద్ద టీచరు దగ్గర అని ఆఫీసరు రాసుకున్నాడు. నన్నడిగితే కదా! తలుపెనక మేకుకి వేలాడుతుంది. బడిలో పిల్లికి కూడా తెలుసు."

"నిప్పు ఎవరు చూశారు?"

"నేనే. ఒకటీ యాభై. పొగొస్తోందని అరిచా. పెద్ద టీచరు అప్పుడు అన్నాల వరసలో గరిటె పట్టుకుని ఉంది. ఆ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది పాపం."

"లెక్క గుమాస్తాకి ఆ పొద్దున టీ ఇచ్చావా?"

ఆయమ్మ చెయ్యి నడుం మీంచి జారింది. "టీయా? ఆ ముందురోజే గ్యాస్ అయిపోయింది. మర్నాడు దాకా బండ రాలా. వంట కూడా బయట కట్టెలమీద చేశారు. టీ అడిగితే నీళ్ళిచ్చా ఆయనకి. ముఖం మాడ్చుకుని తాగాడు."

పదిహేను నిమిషాల టీ ఆవిరైపోయింది. మిగిలింది ముప్పై ఒక్క మంది పిల్లలు. ఒక్కొక్కరికి పాతిక సెకన్లు, మొత్తం పదమూడు నిమిషాలు. చివర సంతకాలకు రెండు. కీడక్క పుస్తకంలో రాసుకుని, కింద గట్టిగా గీత గీసింది.

తర్వాత టార్చి తీసి బీరువా తలుపు లోపలివైపు చూసింది. కింది సగం రంగు కాలి పొరలు లేచింది. గొళ్ళెం దగ్గర, మసి కింద, ఏవో మూడు మచ్చలు. ఆమె చేతిరుమాలు సీసాలోని నీళ్ళతో తడిపి, భయపడుతూ, మెల్లగా తుడిచింది. మసి పోయింది. మచ్చలు పోలేదు. ఇంకోసారి రుద్దింది. అయినా పోలేదు. మూడు వేళ్ళ ముద్రలు, బొటనవేలు ఒకవైపు, రెండు వేళ్ళు ఇంకోవైపు. గోళ్ళకి పట్టిన సిరాయే. కడిగితే పోనిది.

"సాక్ష్యాన్ని కడిగేస్తున్నారా? భలే!"

గొంతు వినగానే ఆయమ్మ గోడకి అతుక్కుపోయింది. విజిలెన్సు ఆఫీసరు గుమ్మంలో ఉన్నాడు. చొక్కామీద ముడత పడితే ఆ పూట సెలవు పెట్టేస్తాడని అందరూ ఆయన్ని ఇస్త్రీ ఆఫీసరంటారు. ఆయన వాచీలో ఒంటిగంటా అయిదు.

"కడిగింది మసినండీ. సాక్ష్యం కడిగితే పోదు, వచ్చి చూడండి," అంది కీడక్క.

"చూడ్డానికి నాకు మీ పిలుపు అక్కర్లేదు. ఈ గది నా స్వాధీనంలో ఉంది. బయటికి నడవండి."

"నడవను."

"ఏమన్నారు?"

"నడవనన్నాను. గది మీ స్వాధీనం అయితే ఇరవై నాలుగు రోజులుగా ఈ మచ్చలు మీకు కనబడాలి. కనబడలేదంటే మీరు లోపలికి రాలేదు, వచ్చినా చొక్కాకి మసి అంటుతుందని గుమ్మంలోంచే చూసి పోయారు. ఏది నిజం?"

ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. ఆయమ్మ దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గుమాస్తా ఈ గదిలో అడుగే పెట్టలేదని పదకొండూ ఇరవైకి నాతో అన్నాడు. సిరా పట్టుకున్నది ఆయన ఒక్కడే. మరి ఈ మూడు వేళ్ళు ఎవరివి?"

"సిరా సీసా పెట్టడానికి వచ్చి మర్చిపోయి ఉంటాడు," అన్నాడు ఆఫీసరు. కానీ జేబులోంచి కళ్ళజోడు తీసి, ఒంగి, ఆ మచ్చల్ని చాలాసేపే చూశాడు. "అయినా ఇది తలలు పెంచదు. లెక్క రెండు వందల ఎనభై ఎనిమిదే. చూడమ్మా, మీ మీద నాకు కక్ష లేదు. కాగితం మాట్లాడాలి. ఏడుపులు, పెడబొబ్బలు కాదు."

"కాగితమే కదా?" ఆమె సంచిలోంచి మడత కాగితం తీసింది. "డాక్టరు చీటీ. మొన్న ఆదివారం మా బుజ్జికి గోళ్ళు తీస్తుంటే ఎడమ చిటికెన గోటిమీద నల్లటి పట్టీ కనబడింది. గోరు కుళ్ళుతోందని నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పటికప్పుడు డాక్టరు ఇంటికి పరిగెత్తాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. అది సిరా, గోటితోపాటు పైకి జరుగుతోందన్నాడు. గీసినప్పుడు గోటి మొదట్లో ఉన్న గీత ఇప్పుడు రెండు మిల్లీమీటర్లు పైకొచ్చిందట. గోరు నెలకు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుందట. అంటే అప్పటికి ఇరవై రోజుల కిందటి గీత. నేను రాయించుకున్నాను. తేదీ, సంతకం, కొలత. మీకు కాగితం ఉంటే గానీ నమ్మకం కుదరదుగా."

"ఇవాళ ఎవరైనా పిల్లల గోళ్ళకి సిరా పూసి..."

"పూస్తే మొదలంటా ఉంటుంది, చర్మానికీ అంటుతుంది. పాత గీతకీ మొదలుకీ మధ్య తెల్లటి సందుంటుంది. ఆ సందు ఎవరూ పూయలేరు, పెరగాల్సిందే." ఆమె చీటీని ఆఫీసరు చేతిలో పెట్టింది. "ఐదు-బి అంతా యాత్రకు పోతే ఆ గోళ్ళు ఎక్కడ పెరిగాయండీ? ముప్పై ఒకటి. కాదు, నాకు ముప్పై ఒకటి కూడా అక్కర్లేదు. మూడు వందలకి పన్నెండు చాలు. పన్నెండు గోళ్ళు చూపిస్తే రాస్తారా?"

ఆఫీసరు కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కళ్ళతో చూస్తే రాస్తాను. నేను మొండివాణ్ణే కానీ అబద్ధాలరాయుణ్ణి కాను. పదండి."

*

ఒంటిగంటా ఇరవై. పై అంతస్తు చివరిగది.

గుమ్మం దాటకుండానే మందు వాసన తగిలింది. క్లాసు టీచరు లేచి నిలబడింది. ముందు బెంచీ పిల్లలు ఎడంచేతులు ఎత్తి చూపించారు, ఏదో బహుమతి వచ్చినట్టు. చిటికెనవేలు మొదలంటా, గోరూ చర్మమూ కలిపి, ఊదారంగు సిరా. ఇంకా పూర్తిగా నల్లబడలేదు.

కీడక్క ఒంగి చూసింది. తెల్లటి సందు ఎక్కడా లేదు.

"హెల్త్ వాళ్ళు వచ్చారండీ," అంది టీచరు. "పన్నెండూ అయిదు నుంచి పన్నెండూ యాభై దాకా. గోటి జబ్బు పాకుతోందట, మా ఒక్క సెక్షనుకే మందు రాశారు. ఇదిగో ఉత్తరువు."

కాగితం అచ్చుదే. కింద గుండ్రటి ముద్ర. ఆ ముద్ర అంచు పైన కుడివైపు విరిగి ఉంది. కీడక్క దాన్ని వెలుగుకు పట్టుకుని చూసింది.

"ఇది ఆరోగ్యశాఖది కాదండీ. వార్డు పన్నుల కౌంటరు ముద్ర. ఆ అంచు విరగ్గొట్టింది నేనే, ఏడేళ్ళ కిందట చేయిజారి గచ్చుమీద పడేసి. నా జీతంలో కోత కూడా కోశాడు నా పాత పై అధికారి, ఆ పన్నులాయన." గొంతు తగ్గింది. "దీన్ని సొరుగులో పెట్టి తాళం వేసుకునేది ఆయన ఒక్కడే. గోదాముల బిల్లులన్నీ ఆయన బల్లమీదే తయారవుతాయి."

తలకింత పోసే రాష్ట్రం తరపున గుమాస్తా, ఇంటిపన్ను పోసే వార్డు తరపున అధికారి. రెండు కుళాయిల దగ్గరా కాపలా ఉన్నవాళ్ళే బిందెకు చిల్లు పెట్టారు. డాక్టరును మినహాయిస్తే గోళ్ళ సంగతి ఆమె నోటివెంట మొదటిసారి వచ్చింది పదకొండూ పాతిక ముందు, ఒక్క గుమాస్తా దగ్గర. నలభై నిమిషాల్లో జీపు బడికొచ్చింది.

"అంటే నా దగ్గర చెప్పకముందే..." అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా.

"నా నోటి దూలండీ. నేనే చెప్పి పంపినట్టయింది." కీడక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. అంతలో వెనక బెంచీలోంచి సన్నటి గొంతు లేచింది.

"అమ్మా, నేను రాయించుకోలా."

బుజ్జి తన ఎడమచేతిమీద కూర్చుని ఉంది. పక్కన ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఆ వెనక రెండు బెంచీల వాళ్ళూ అంతే. గూళ్ళలో పొదిగే కోళ్ళలా.

"ఎందుకు రాయించుకోలేదే?"

"నువ్వే కదా రోజూ చెప్తావు! తెలీనివాళ్ళు సీసా పట్టుకుని వస్తే చెయ్యివ్వద్దని. అది మందు కాదు ఇంజెక్షనే అని నేను అరిచా. వీళ్ళు కూడా అరిచారు. ఒకాయన గదిమాడు. అందరం ఏడ్చాం. గట్టిగా. ఆయన చెవులు మూసుకుని మమ్మల్ని వదిలేశాడు."

"నేను ఉత్తుత్తిగా ఏడ్చానాంటీ," అన్నాడు పక్కవాడు గర్వంగా.

ఊరంతా నవ్విన భయం ఆ వెనక బెంచీల్లో చేతులకింద దాగి ఉంది. కీడక్క ముఖం తుడుచుకుంది. "ఆఫీసరుగారూ, స్కేలు తీసుకోండి. నేను ముట్టుకోను. తల్లిని కదా, నా మాట ముద్దు. మీరే కొలవండి."

ఇస్త్రీ ఆఫీసరు ఒక పిల్లాడి పెట్టెలోంచి స్కేలు తీసుకుని, ఆ ఇస్త్రీ ప్యాంటుతోనే గచ్చుమీద మోకాలు ఆనించాడు. ఒక్కొక్క చిటికెన వేలూ వెలుగులోకి లాగి, కొలిచి, పేరు అడిగి, రాసుకున్నాడు. తెల్లటి సందు, దానిపైన నల్లటి పట్టీ. రెండున్నర మిల్లీమీటర్లు. రెండుంబావు. రెండున్నర.

"ఏడు... ఎనిమిది... చెయ్యి తిన్నగా పెట్టు బాబూ... తొమ్మిది."

బుజ్జి కూడా పెదాలతోనే ఆయనతోపాటు లెక్కపెడుతోంది.

"పది. పదకొండు."

స్కేలు ఆగిపోయింది. ఆయన అటూ ఇటూ చూశాడు. మిగతా చేతులన్నీ ఊదారంగులో ఉన్నాయి. పంతొమ్మిది.

"పదకొండేనమ్మా. రెండు వందల తొంభై తొమ్మిది." గొంతులో ఈసారి వెటకారం లేదు. "ఒకటి తక్కువ. అందరూ ఉన్నారని మనసు ఒప్పుకుంటుంది, నిబంధన ఒప్పుకోదు. రేపు ఈ పంతొమ్మిది గోళ్ళూ మందు పూసుకున్నవే అంటారు వాళ్ళు. నేను కాదనలేను."

"పదకొండూ పంతొమ్మిదీ ముప్పై," అంది కీడక్క.

"అవును."

"సెక్షనులో ముప్పై ఒకటి."

బుజ్జి లేచి నిలబడింది. "మా బెంచీ పిడుగు రాలేదమ్మా. జ్వరం. నువ్వే కదా మూడు రోజులు దాని దగ్గర కూర్చోవద్దన్నావు, అంటుకుంటుందని!"

పన్నెండో గోరు! మంచంమీద దుప్పటి కింద, ఎవరూ పూయని పన్నెండో గోరు. కీడక్క ముఖం వెలిగింది. ఆ వెలుతురు క్లాసు టీచరు ముఖం చూసేదాకే నిలిచింది. టీచరు ముఖం పాలిపోయింది.

"హెల్త్ వాళ్ళు... వెళ్ళేటప్పుడు అడిగారండీ. రాని పిల్ల ఎవరు, ఇల్లెక్కడా అని. జబ్బు కదా, ఇంటికే వెళ్ళి రాస్తామన్నారు. నేను రాసిచ్చాను. పన్నెండూ యాభైకి."

ఒకటీ ముప్పై అయిదు. పిడుగు ఇల్లు గోదాముల వెనక. జీపు విద్యాశాఖ కార్యాలయం మీదుగా తిరిగి వెళ్ళినా ఈపాటికి చేరి ఉంటుంది.

కీడక్క ఫోను తీసింది. తండ్రి నెంబరు మోగి మోగి ఆగింది. తల్లి నెంబరు పనిలో ఉంటే ఎత్తదు. మూడోది ఇంట్లో ఉండే నానమ్మది. నాలుగుసార్లు మోగి పలికింది. కీడక్క స్పీకరు నొక్కి ఫోను ఆఫీసరు ముందుకు చాపింది.

"ఎవరూ?"

"పెద్దమ్మా, బుజ్జి వాళ్ళమ్మని. ఇంటికి ఎవరైనా వచ్చారా?"

"ఇప్పుడే ముగ్గురొచ్చారే. పిల్ల గోటికి మందు రాస్తారట. కళ్ళజోడు పెట్టుకొస్తా ఉండండి అని వాకిట్లో నిలబెట్టా. కళ్ళజోడే కనబళ్ళా."

"వెతక్కండి! తలుపు గడియ పెట్టండి పెద్దమ్మా. ఇప్పుడే. పిల్లని ఎవరికీ చూపించొద్దు."

"ఎందుకే? ఏమయింది?"

"అది మందు కాదు. ఆ గోరు చెరిపేస్తే రేపు బడి ఉండదు."

చెప్పుల చప్పుడు, ఆ వెంటనే ఇనప గడియ పడిన శబ్దం. ముసలామె ఆయాసపడుతూ ఫోను దగ్గరికొచ్చింది. "పెట్టా. పీట వేసుకుని తలుపుకి వీపు ఆనించి కూర్చున్నా. నేను కూర్చున్నాక లేపడం మా ఆయన వల్లే కాలేదు."

తలుపుమీద దబదబ బాదారు. చెక్కలోంచి మగగొంతు, మర్యాదగా, తొందరగా వచ్చింది.

"బామ్మగారూ, తలుపు తియ్యండి. చిన్న పనే. పాతిక సెకన్లు, అంతే. నా అంత వేగంగా ఎవరూ చెయ్యలేరు."

ఇస్త్రీ ఆఫీసరు తల పైకెత్తాడు. ఆ గొంతు ఆయన రోజూ పక్క బల్ల నుంచి వినేదే.

"పాతిక సెకన్లా?" ముసలామె గొంతు ఫోను పగిలేలా లేచింది. "పాతికేళ్ళు నిలబడు, తియ్యను! నా మనవరాలి బడి జోలికొస్తావా?"

దడాలున ఏదో తగిలింది. భుజమో, కాలో. రెండో దెబ్బకు చెక్క చిట్లిన చప్పుడు. లోపలెక్కడో పిడుగు భయంతో కేక పెట్టింది. ఫోను కిందపడి మూగబోయింది.

ఆఫీసరు చేతిలో అప్పటికే కారు తాళాలున్నాయి. మోకాళ్ళ దగ్గర గచ్చు దుమ్ము అంటిన సంగతి ఆయన చూసుకోలేదు.

"పదకొండు నిమిషాల్లో చేరుస్తాను. వస్తారా?"

కీడక్క సంచి భుజానికి తగిలించుకుంది. ఇన్నేళ్ళు ప్రతి గుమ్మం దగ్గరా, ప్రతి మలుపులోనూ ఊహించుకుని వణికిన కీడు ఇవాళ నిజంగానే ఒక తలుపు బద్దలుకొడుతోంది. వణుకు రావాల్సింది. రాలేదు. ఆమె మెట్లవైపు పరిగెత్తింది. ఈసారి గోడవైపుగా దిగలేదు. రెండేసి మెట్లు చొప్పున, నడిమధ్యగా, దూకుతూ దిగింది.